మార్తమ్మ గారి హ్యాండోవర్

హాల్లో ఉన్నవి ఇవి. నీలం గుడ్డ పరిచిన పొడవాటి బల్ల. దాని మీద రెండు మైకులు, వాటిలో ఒకటి పనిచెయ్యదు. బల్ల వెనక కమిటీ సభ్యులు, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీల్లో వందకు పైగా తల్లిదండ్రులు. వెనక గోడ పక్కన స్టీలు ఫ్లాస్కుల్లో ఖహ్వా, అంటే ఏలకులు వేసిన అరబ్బీ కాఫీ, పళ్ళెం నిండా ఖర్జూరాలు. వాటి చుట్టూ, జరుగుతున్న చర్చ కంటే ఖర్జూరాలే నయమనుకున్న పదిమంది. మా పాప మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో చదువుకునే బడిలో పోయిన బుధవారం సాయంత్రం జరిగిన ఓపెన్ ఫోరం అది. నేను రుసైల్ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, బట్టలు మార్చుకోకుండా వచ్చి చివరి వరుసలో కూర్చున్నాను. ఏసీ గాలిలో ఏలకుల వాసన నా దాకా వస్తోంది.

ఒక తండ్రి లేచి బస్సు రూటు గురించి అడిగాడు. అధ్యక్షుడు జవాబు చెప్పాడు. "నేనన్నది అది కాదండీ" అన్నాడు తండ్రి. అధ్యక్షుడు మళ్ళీ అదే జవాబు కొంచెం గట్టిగా చెప్పాడు. "సార్, నేనన్నది అది కాదు." ఇలా నాలుగోసారి జరిగేసరికి నాకు ఏలకుల వాసన, ఆ మాట ఒకదానితో ఒకటి కలిసి, తీరం వెంట ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఆరో తరగతి గది కళ్ళ ముందుకు వచ్చింది. ఆ గదిలోనూ ఇలాగే ఫ్లాస్కు ఉండేది. ఇలాగే అరుచుకునేవాళ్ళం. అయితే అక్కడ మార్తమ్మ గారు ఉండేవారు.

ఆ ఊరి పేరు రాయను. బడి ఇంకా నడుస్తోంది, మేం తగువులాడిన మనుషులు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు. మస్కట్ నుంచి కారులో రెండు గంటల దూరమని చెబితే చాలు. ఒక పక్క సముద్రం, చేపల రేవు, పాత సూక్, అంటే బజారు. ఇంకో పక్క ఎర్రమట్టి కొండల దాకా ఖాళీ నేల. మధ్యలో హైవే. పాలిటెక్నిక్ డిప్లొమా చేతపట్టుకుని నేను ఆ ఊరి పవర్ స్టేషన్లో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేరాను. మీటర్లు చూడడం, కొలతలు రాయడం, తేడా ఎక్కడుందో పట్టుకోవడం నా పని. మనుషుల మధ్య తేడాలకు కూడా మీటరు ఉంటుందనే నమ్మకంతో ఉండేవాణ్ణి.

మా భారతీయ బడి ఒక అద్దె విల్లాలో ఉండేది. ఎనిమిదో తరగతి వరకే. కమిటీలో ఏడుగురం. ప్రతి ఏటా తల్లిదండ్రులు ఓట్లు వేసి ఎన్నుకునేవాళ్ళు. ఏ భాషవాళ్ళకు ఎన్ని సీట్లని ఎక్కడా రాసి లేదు గాని, మలయాళీలకు ఇద్దరు, మిగతా భాషలకు తలా ఒకరు, సూక్‌లో వ్యాపారాలు చేసుకునేవాళ్ళకు ఒకరు, ఇలా అందరికీ తెలిసిన లెక్క ఒకటి నడిచేది. మా పాప ఎల్‌కేజీలో చేరిన ఏడాది తెలుగువాళ్ళ తరఫున నిలబడడానికి ఎవరూ దొరకలేదు. "నువ్వు నిలబడు, నీకు టైపింగ్ వచ్చు" అన్నారు. నిలబడ్డాను. పోటీ లేదు కాబట్టి గెలిచాను. అప్పుడు కమిటీ అధ్యక్షురాలు మార్తమ్మ గారు. ఆవిడా తెలుగే, నరసాపురం దగ్గర పల్లె. కానీ ఆవిణ్ణి ఎవరూ తెలుగు సీటు కింద లెక్కపెట్టేవాళ్ళు కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జి. ఊళ్ళో సగం మంది పిల్లలు ఆవిడ చేతుల్లోనే పుట్టారు. అందరికీ సిస్టరే.

నా మొదటి సమావేశం బాగా గుర్తుంది. ఆరో తరగతి గదిలో, పిల్లల బెంచీల మీద మోకాళ్ళు బల్లకు తగులుతూ కూర్చున్నాం. స్పోర్ట్స్ డే ఎక్కడ పెట్టాలన్నది విషయం. బ్యాంకులో పనిచేసే వర్గీస్ గారు స్టేడియం అన్నారు. బట్టల కొట్టు గుజరాతీ సేఠ్ బడి ఆవరణే చాలన్నాడు. పది నిమిషాల్లో సంగతి స్టేడియం దాటి, ఎవరి భాషవాళ్ళు ఎవరిని తొక్కేస్తున్నారన్న దగ్గరికి వెళ్ళింది. సన్నగా, కళ్ళజోడు ముక్కు కొసకు జార్చుకుని కూర్చున్న ఒకావిడ పెన్నుతో బల్ల మీద రెండుసార్లు కొట్టారు.

"సేఠ్‌జీ, మీ మాట తర్వాత. ముందు వర్గీస్ గారు ఏమన్నారో చెప్పండి."

"ఏమంటాడు? బ్యాంకువాళ్ళ దర్జా చూపించాలంటాడు."

"వర్గీస్ గారూ, మీరన్నది అదేనా?"

"కాదు" అన్నారు వర్గీస్ గారు, ముఖం ఎర్రగా చేసుకుని.

"అయితే మళ్ళీ చెప్పండి సేఠ్‌జీ. ఆయన అవునన్నాక మీ వంతు."

సేఠ్ రెండోసారి కూడా తప్పాడు. మూడోసారికి, ఆవరణలో పరిగెత్తే పిల్లలకు గచ్చు మీద మోకాళ్ళు చెక్కుకుపోతాయని వర్గీస్ గారి భయమని చెప్పగలిగాడు. వర్గీస్ గారు అవునన్నారు. చెప్పేసరికి సేఠ్ గొంతు దానంతటదే తగ్గింది. "సిస్టర్ మనందర్నీ పేషెంట్లను చేసి పడుకోబెట్టింది" అని గొణిగాడు గాని, నవ్వుతూనే.

బయటికి వచ్చాక, ఈ పద్ధతి ఏ పుస్తకంలోదని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూశారు. సమావేశాల్లో అందరం హిందీ, ఇంగ్లీషు కలిపి లాగించినా, నాతో ఆవిడ తెలుగే మాట్లాడేవారు.

"పుస్తకమేంటి బాబూ, వార్డులో రోజూ చేసే హ్యాండోవరే. డ్యూటీ దిగే సిస్టరు మంచం మంచానికీ చెప్పుకుంటూ వస్తుంది. ఎక్కే సిస్టరు విన్నాను అంటే సరిపోదు. తిరిగి చెప్పాలి. ఫలానా ఆయనకి ఈ మందు ఇచ్చారు, ఇది ఇవ్వలేదు, అని. దిగే ఆవిడ అవునంటేనే ఇంటికెళ్ళాలి. వినడం వేరు, చేరడం వేరు కదండీ."

"మనుషుల మాటలకు కూడా అదేనా?"

"మందు తప్పు వేస్తే ఒక మంచం పోద్ది. మాట తప్పు వింటే బడి పోద్ది" అంటూ హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని బయల్దేరారు.

ఇరవై ఏడేళ్ళ వయసులో నాకు అదొక చాదస్తంలా తోచింది. సమావేశం రెండింతలు సాగేది. అయితే కొన్ని నెలలకు ఒక సంగతి గమనించాను. ఎదుటివాడి వాదన వాడు ఒప్పుకునేలా చెప్పాల్సి వస్తుందని తెలిసినప్పుడు మనిషి వింటాడు. వేరే దారి లేదు కాబట్టి వింటాడు. సభ్యత కంటే ఆ బలవంతమే బాగా పనిచేసేది.

ఆ ఊరి తల్లిదండ్రులందరి మీదా ఒక నీడ ఉండేది. ఎనిమిది దాటాక ఏమిటి? తొమ్మిదో తరగతికి బడి లేదు. తల్లి పిల్లల్ని తీసుకుని ఇండియా వెళ్ళిపోవాలి, లేదా పిల్లలు హాస్టల్‌కు వెళ్ళాలి. తండ్రి రూమ్‌లో మళ్ళీ బ్రహ్మచారి అవుతాడు. మార్చి నెల వచ్చిందంటే సూక్‌లో పెద్ద పెట్టెలు కొనేవాళ్ళను చూసి, ఎవరి పిల్లలు ఎనిమిదిలో ఉన్నారో చెప్పగలిగేవాళ్ళం.

అది ఎంత లోతైన విషయమో నాకు ఒక శుక్రవారం తెలిసింది. శుక్రవారాల్లో మార్తమ్మ గారి క్వార్టర్లో కోస్తా నుంచి వచ్చిన నర్సులు, వాళ్ళ కుటుంబాలు ప్రార్థనకు చేరేవారు. ప్రార్థన అయ్యాక భోజనాలు. మా మతం వేరైనా, భోజనం వేళకు మమ్మల్నీ పిలిచేవారు. ఆ రోజు కింగ్‌ఫిష్ పులుసు, గోంగూర. వాళ్ళ పెద్దమ్మాయి గ్రేస్ సెలవులకు వచ్చి ఉంది. పదమూడేళ్ళప్పుడు విజయవాడ హాస్టల్‌కు పంపారు, ఇప్పుడు పదిహేను. బుద్ధిమంతురాలు, అన్నీ సర్దుతోంది. వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"అమ్మా, ఫ్రిజ్ తియ్యొచ్చా? మంచినీళ్ళు కావాలి."

"తీసుకో నాన్నా" అన్నారు మార్తమ్మ గారు. ఆ పిల్ల నీళ్ళు తాగి, గ్లాసు కడిగి, తుడిచి, ఉన్నచోటే పెట్టి వెళ్ళింది. మార్తమ్మ గారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"చూశారా రవి బాబూ. రెండేళ్ళయింది. సొంతింట్లో నీళ్ళకి పర్మిషన్ అడుగుద్ది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మంచి హాస్టలే." హాల్లో టీవీ ముందు పడుకుని ఉన్న కొడుకు వైపు చూశారు. ప్రసాద్ ఎనిమిదో తరగతి. "వీడు చెప్పకుండా ఫ్రిజ్ తీసి సగం కేకు తినేశాడు పొద్దున్న. తిట్టాను. తిడుతుంటే ఏడుపొచ్చింది, వచ్చే ఏడు ఎవడు తింటాడా అని."

ఆ ఏడాది ఎనిమిదిలో పద్నాలుగు మంది ఉన్నారు. తొమ్మిదో తరగతి తెరవాలని కమిటీ నిర్ణయించుకుంది. ఢిల్లీ బోర్డు రెండు లేబొరేటరీలు, ఒక లైబ్రరీ కావాలంది. దరఖాస్తు నెలాఖరులోగా వెళ్ళాలి. మా విల్లాలో నీళ్ళ పైపులున్న గదులు కింద ఉన్న రెండే. వాటిలో కేజీ పిల్లలు కూర్చునేవారు. హైవేకి అవతల పక్క సలీం అనే ఒమానీ పెద్దాయన విల్లా ఒకటి అద్దెకు ఖాళీగా ఉంది. ఆయన ఇల్లు పక్కనే కాబట్టి పెద్ద మగపిల్లల్ని ఒప్పుకోడని, చిన్నపిల్లలైతే సరేనన్నాడని బ్రోకర్ చెప్పాడు. కాబట్టి ప్రతిపాదన తేలికైనది. కేజీని అవతలికి పంపడం, ఈ రెండు గదుల్లో లేబులు కట్టడం. నేను గదుల కొలతలు తీసి, సింకులు ఎక్కడ, గ్యాసు ఎక్కడ అని ప్లాను గీశాను. చక్కగా కుదిరింది.

అడ్డం వచ్చినవాడు యూసఫ్ భాయ్. కడప మనిషి. సూక్ చివర బండ్ల రిపేరు షెడ్డు నడిపేవాడు. పాత సూక్ వీధుల్లో ఉండే డ్రైవర్లు, టైలర్లు, మేస్త్రీల కుటుంబాల ఓట్లతో కమిటీలోకి వచ్చాడు. అతని కూతురు షహనాజ్ కూడా ఎనిమిదిలోనే ఉంది. అయినా వద్దన్నాడు. "ఆడపిల్లని చదివించడం ఇష్టం లేదు, అందుకే" అని కొందరు, "ఆఫీసర్ల పిల్లలకు మేలు జరుగుతుందని ఏడుపు" అని కొందరు అనుకున్నారు. నేను రెండోదాన్ని నమ్మాను. ఓట్లు లెక్కపెట్టాను. మార్తమ్మ గారితో కలిపి నలుగురం. అటు ముగ్గురు. మనం గెలిచాం అని చెప్పడానికి ఆసుపత్రికి వెళ్ళాను.

ఆవిడ సంతోషించలేదు. "ప్రసాద్ ఎనిమిదిలో ఉన్నాడు. ఆ విషయంలో నేను కుర్చీలో కూర్చోకూడదు, చెయ్యీ ఎత్తకూడదు" అన్నారు.

"అప్పుడు మూడు మూడు అవుతుంది సిస్టర్."

"అవుద్ది. కుర్చీలో యూసఫ్ భాయ్‌ని కూర్చోబెడదాం. ఆయన మాట మీరు చెప్పండి."

"ఆయన మాట నేనెందుకు చెప్పాలి? ఆయనే ఉన్నాడుగా."

"మన వైపువాళ్ళలో ఎవరో ఒకరు హ్యాండోవర్ తీసుకోవాలి కదండీ. మీరు తీసుకోండి. వెళ్ళి అడగండి. ఇంట్లో కాదు, ఆయన ఎక్కడ నిలబడి మాట్లాడితే అక్కడ."

నాకు కోపం వచ్చింది. చేతిలో ఉన్నదాన్ని జారవిడుచుకోవడానికి ఇంత మర్యాద అవసరమా అనుకున్నాను. ఆ కోపంతోనే మర్నాడు సెలవు పెట్టి యూసఫ్ భాయ్ షెడ్డుకు వెళ్ళాను. అతను ఒక పికప్ కింద నుంచి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ నన్ను చూశాడు.

"ఏం సారూ, ఓట్లు తక్కువ బడినాయా?"

"లేదు భాయ్. మీ మాట నేను చెప్పాలని సిస్టర్ ఆర్డర్."

"నా మాట నువ్వు జెప్తావా?" అని గట్టిగా నవ్వాడు. "అట్లయితే పద. ఈడ జెప్తే నీకు ఎక్కదు."

నన్ను బడి గేటు ముందుకు తీసుకువెళ్ళాడు. పదకొండున్నరకు కేజీ వదులుతారు. పెద్దపిల్లలు ఒంటిగంటన్నరకు. బస్సు తిరిగేది ఒంటిగంటన్నరకే. ఆ రెండు గంటలు కేజీ పిల్లలు ఎక్కడుంటారన్న ప్రశ్న నాకు ఎన్నడూ రాలేదు. మా పాపను కంపెనీ కారులో మా ఆవిడ ఎక్కించుకుని వచ్చేది. యూసఫ్ భాయ్ చూపించాడు. బురఖాలు వేసుకున్న తల్లులు, చంకలో ఒకరు, చేతిలో ఒకరు, నెత్తి మీద ఎండ. గేటు దగ్గర పిల్లల్ని తీసుకుని, గోడ నీడ వెంట నడుచుకుంటూ సూక్ సందుల్లోకి వెళ్ళిపోతున్నారు.

"ఇప్పుడు వీళ్ళు ఇట్ల నడిచి పోతాండారు. నీ ప్లాన్లో యాడికి పోవల్ల?" అంటూ హైవే వైపు చెయ్యి చూపించాడు.

ఎదురుగా లారీలు పోతున్నాయి. దాటడానికి వంతెన లేదు, సిగ్నల్ లేదు. అటూ ఇటూ బండ్లు గాలిని కోసుకుంటూ వెళ్తుంటే మా చొక్కాలు ఎగురుతున్నాయి.

"మా వీధిలో టైలర్ ఖాదర్ పిల్లోడు పోయినేడు ఈడనే పడినాడు. కాలు ఇరిగింది. బతికినాడు, అల్లా దయ. ఈ పొద్దు గూడా కుంటతాడు. నీకు తెలీదు. సిస్టరమ్మకు తెలుసు, ఆయమ్మ ఆస్పత్రిలోనే పండుకున్యాడు."

"మరి మీటింగులో ఈ మాట ఎందుకు చెప్పలేదు భాయ్?"

"చెప్పినాను. రోడ్డు అన్నాను. మీ వర్గీస్ సారు, రోడ్డు బాగుంది, తారు రోడ్డు అన్నాడు. ఇంగేం జెప్తాం."

"షహనాజ్ సంగతేమిటి?"

"కడపలో మా చెల్లెలింటికి పంపాలనుకున్యా. నా బిడ్డ కోసం ఇంగొకరి బిడ్డను రోడ్డు మీదికి తోల్తానా సారూ?"

సమావేశం ఆ మరుసటి సోమవారం. మార్తమ్మ గారు లేచి, తన కొడుకు సంగతి చెప్పి, కుర్చీ ఖాళీ చేసి, చివరి బెంచీలో కూర్చున్నారు. యూసఫ్ భాయ్‌ని పిలిచారు. అతను కుర్చీ దాకా వచ్చి ఆగిపోయాడు.

"నా బిడ్డ గూడా ఎనిమిదిలోనే ఉండాది గదమ్మా. నేనూ లెయ్యాల్నా?"

"అట్లా లేస్తూ పోతే కుర్చీ ఒక్కటే మిగులుతుంది" అన్నారు వర్గీస్ గారు.

"కుర్చీనే అధ్యక్షుణ్ణి చేద్దాం. కనీసం అరవదు" అన్నాడు సేఠ్.

అందరూ నవ్వారు. వ్యతిరేకించేవాడికి పిల్ల ఉండడం లాభం కింద రాదని తేల్చి, యూసఫ్ భాయ్‌ని కూర్చోబెట్టారు. నేను లేచాను. మూడు విషయాలు చెప్పాను. కేజీ పదకొండున్నరకు వదులుతారు, ఆ వేళకు బస్సు లేదు. సూక్ కుటుంబాలకు కార్లు లేవు, తల్లులు నడిచే వస్తారు. హైవే దాటడానికి వంతెన లేదు, ఒక పిల్లవాడికి అక్కడే కాలు విరిగింది. కాబట్టి తొమ్మిదో తరగతి వద్దని యూసఫ్ భాయ్ అంటున్నారని ముగించాను.

"నేను అట్లా అనలా" అన్నాడు యూసఫ్ భాయ్.

"మరేమన్నారు?"

"తొమ్మిది వద్దని ఎప్పుడు అన్నా? చిన్నపిల్లోల్లు రోడ్డు దాటొద్దని అన్నా. అది వేరే, ఇది వేరే."

నేను ఆ మాట సరిదిద్దుకుని మళ్ళీ చెప్పాను. "ఆ. ఇప్పుడు సరే" అన్నాడు.

వర్గీస్ గారు పెన్ను మూత పెట్టుకున్నారు. "రోడ్డు అంటే రోడ్డు బాగోలేదని చెబుతున్నారనుకున్నాను. ఇదైతే నేను చెయ్యి ఎత్తలేను" అన్నారు. మా మూడు ఓట్లు రెండయ్యాయి. నేను వెనక్కి చూశాను. మార్తమ్మ గారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎక్స్‌రే రిపోర్టు కోసం కూర్చున్న మనిషిలా ఉన్నారు. ఒక్క మాట మాట్లాడితే వర్గీస్ గారు మెత్తబడేవారు, ఆయన మనవరాలు కూడా ఆవిడ వార్డులోనే పుట్టింది. ఆవిడ మాట్లాడలేదు. తన పద్ధతే తన కొడుకుని పెట్టెతో సహా విమానం ఎక్కిస్తోందని నాకు అనిపించింది. ఆవిడకు అంతకుముందే అనిపించి ఉంటుంది.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఆ గదిలో జరిగింది నాకు స్పష్టంగా కనిపిస్తుంది. అప్పటిదాకా మేమంతా యూసఫ్ భాయ్ గురించి ఆలోచిస్తూ వచ్చాం. ఆ నిమిషం నుంచి రోడ్డు గురించి ఆలోచించడం మొదలుపెట్టాం. రోడ్డుకు భాష లేదు, సీటు లేదు. దాన్ని తిట్టి లాభం లేదు.

మొదట దారి వెతికింది సేఠ్. "చిన్నవాళ్ళు దాటకూడదు, సరే. పెద్దవాళ్ళు దాటితే? తొమ్మిదో తరగతినే, లేబులతో సహా, అవతల పెడితే? వాళ్ళకు బస్సు ఉంది. బస్సు ముందు అటు దింపి ఇటు రావచ్చు."

"సలీం ఒప్పుకోడు" అన్నాను.

"ఎవరికి చెప్పాడు?"

"బ్రోకర్‌కి."

యూసఫ్ భాయ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "సలీం అర్బాబ్ బండ్లు పదైదేండ్లుగా నా షెడ్డులోనే రిపేరు. వాళ్ళింట్లో పెండ్లికి గూడా పొయినా. నేను అడిగితే కూర్చోబెట్టి మాట్లాడతాడు."

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదా భాయ్" అన్నారు వర్గీస్ గారు.

"నన్నెవరు అడిగినారు?"

ఆ శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక యూసఫ్ భాయ్, మార్తమ్మ గారు, నేను సలీం గారింటికి వెళ్ళాం. మార్తమ్మ గారిని ఆడవాళ్ళు లోపలికి తీసుకువెళ్ళారు. మజ్లిస్ అనే అతిథుల గదిలో తివాచీ మీద కూర్చుని ఖర్జూరాలు తిన్నాం, చిన్న కప్పుల్లో ఖహ్వా తాగాం. యూసఫ్ భాయ్ అరగంట సేపు కార్ల గురించే మాట్లాడాడు. నేను చుట్టచుట్టిన ప్లాను పట్టుకుని, అసలు సంగతి ఎప్పుడొస్తుందా అని కాళ్ళు తిమ్మిరెక్కేలా కూర్చున్నాను. చివరికి వచ్చింది. సలీం గారి అభ్యంతరం మగపిల్లలు కాదు. ఖాళీ విల్లా మేడ మీద రెండు కిటికీల నుంచి ఆయన ఇంటి పెరడు కనిపిస్తుంది. సాయంత్రాలు ఆడవాళ్ళు కూర్చునేది అక్కడే. పైగా రెండిళ్ళకూ గేటు ఒకటే.

అది నాకు తెలిసిన భాష. ప్లాను పరిచి, ఆ రెండు కిటికీలూ ఇటుకలతో మూసి వెలుతురుకు పైన చిన్నవి పెడతామని, గేటు హైవే పక్క చిన్న రోడ్డు వైపు మారుస్తామని, మధ్య గోడ ఎత్తు పెంచుతామని చూపించాను. బల్దియా, అంటే మునిసిపాలిటీ, అనుమతి బాధ్యత మాది. నేను చెప్పింది ఆయన ముందుగా యూసఫ్ భాయ్ నోట అరబ్బీలో విన్నాడు. తర్వాత తన మాటల్లో తిరిగి చెప్పి, "ఇదేనా?" అన్నట్టు నా వైపు చూశాడు. యూసఫ్ భాయ్, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పెద్దాయనకు సిస్టర్ పద్ధతి ఎవరూ నేర్పలేదు. తర్వాత లేచి నిలబడి, తలపాగా మీదికి చెయ్యెత్తి, గోడ అంత ఎత్తు ఉండాలన్నాడు. "మా నమాజు వేళకు మీ గంట మోగకూడదు" అన్నాడు. అంతే.

మార్తమ్మ గారు బయటికి వచ్చేసరికి కుడి అరచేతి నిండా తడి గోరింటాకు. ఆ ఇంటి కోడలు ఆవిడ వార్డులో ప్రసవించిన అమ్మాయట. వదల్లేదు. చెయ్యి గాలిలో ఎత్తి పట్టుకుని, నా వంక చూసి అడగలేక ఆగిపోయారు.

"ఒప్పుకున్నారు సిస్టర్" అన్నాను.

ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుండిపోయారు. కొంగుతో కళ్ళు తుడుచుకోబోతే గోరింటాకు చెంపకు అంటుకుంది. "రేపు డ్యూటీకి ఈ చెయ్యి ఎలా దాచాలి దేవుడా" అన్నారు, నవ్వుతూ, ముక్కు ఎగబీలుస్తూ.

"చెయ్యి సరే, చెంప సంగతి జూసుకో అమ్మా" అన్నాడు యూసఫ్ భాయ్.

దరఖాస్తు వెళ్ళింది, బోర్డు అనుమతి వచ్చింది. గోడ లేచింది. రెండేళ్ళ తర్వాత జరిగిన ఎన్నికల్లో మార్తమ్మ గారు ఓడిపోయారు. భాషల లెక్క ఆ ఏడాది ఇంకో రకంగా కుదిరింది. ఆవిడ అరనిమిషం బాధపడి, "ఇక సోమవారాలు నావి" అన్నారు. ఆవిడ తర్వాత అధ్యక్షుడైన యూసఫ్ భాయ్ కుర్చీలో కూర్చోగానే చేసిన మొదటి పని, అరవబోతున్న ఒక కొత్త సభ్యుణ్ణి ఆపి, "ముందు ఆ సారు ఏం జెప్పినాడో అది జెప్పు" అనడం. తర్వాత కొంత కాలానికి ఆవిడకు సలాలా బదిలీ అయింది. నేను రుసైల్ ఫ్యాక్టరీకి మారాను. పండగలకు ఫోన్లు. గ్రేస్ ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. పోయిన సెలవుల్లో ఇంటికి వచ్చి, ఇంట్లో దాచిన స్వీట్లన్నీ అడగకుండా తినేసిందని మార్తమ్మ గారు ఫోన్లో ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదు ఆవిడ రెండుసార్లు చెప్పారు.

నా కింద ఇప్పుడు మూడు షిఫ్టులు పనిచేస్తాయి. దిగేవాడు చెప్పింది ఎక్కేవాడు తిరిగి చెప్పాకే గేటు దాటాలి. ఇంట్లో మా ఆవిడతో మాట పెరిగినప్పుడు కూడా, గెలిచే ముందు ఒకసారి ఆగి, ఆవిడ ఏమందో నాలో నేను చెప్పుకుంటాను. చాలాసార్లు ఆ తర్వాత గెలవాలనిపించదు. మనుషుల మధ్య తేడా కొలిచే మీటరు నాకు దొరకలేదు. ఎదుటివాడు "ఆ, ఇప్పుడు సరే" అనే ఆ చిన్న మాటతోనే పని నడిపిస్తున్నాను.

అప్పట్లో, ఆ ఏప్రిల్లో తొమ్మిదో తరగతి మొదలైన రోజు, డ్యూటీ బట్టల్లోనే మార్తమ్మ గారు కొత్త గేటు బయట నిలబడ్డారు, లోపలికి రాకుండా. బస్సు ఆగింది. ప్రసాద్ తల్లిని చూడనట్టు నటిస్తూ దిగిపోయాడు. షహనాజ్ దిగింది. ముందుజాగ్రత్తగా ఆరు, ఏడు తరగతుల్లోనే హాస్టళ్ళకు పంపేసిన పిల్లలు ముగ్గురు, తల్లిదండ్రులు వెనక్కి తెప్పించుకున్నవాళ్ళు, వాళ్ళ వెనకే దిగారు. ఎంతమంది వచ్చారో చూసి రమ్మని ఆవిడ నన్ను లోపలికి పంపారు. ఎనిమిదిలోని పద్నాలుగు మందీ, ఈ ముగ్గురూ కలిపి, హాజరు పట్టీలో పదిహేడు మంది ఉన్నారు.